గడప, కాగితం, గడువు: బనగానపల్లెలో దళిత కుటుంబానికి సాయం ఎక్కడ దొరుకుతుంది?

ఒక ఉదాహరణ అనుకుందాం. బనగానపల్లెలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి కూలికి పోయే ఒక మాదిగ మహిళకు పనిలో చెయ్యి నలిగింది. వైద్యం ఖర్చు అడిగితే యజమాని తోటి కూలీల ముందే కులం పేరుతో తిట్టి, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. అదే వారం డిగ్రీ చదువుతున్న కూతురు, కాలేజీలో కుల ధ్రువీకరణ పత్రం అడిగారని ఇంటికొచ్చింది. చేతికి వైద్యం, పరిహారం. తిట్టినందుకు కేసు. కూతురికి పత్రం, ఫీజు. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. కానీ ఒక్కోటి ఒక్కో ఆఫీసులో ఉంది, కొన్ని వేరే ఊళ్లలో ఉన్నాయి. ఆమె మొదట ఎవరి దగ్గరికి పోవాలి?

చాలాసార్లు పోయేది ఆఫీసుకు కాదు. గేరిలో పలుకుబడి ఉన్న పెద్దమనిషి దగ్గరికో, పార్టీ నాయకుడి దగ్గరికో, తహసీల్దారు ఆఫీసు ముందు దరఖాస్తులు రాసే మనిషి దగ్గరికో పోతారు. ఆయనకు దారి తెలుసు. పని కూడా చేసిపెట్టవచ్చు. కానీ దానికో వెల ఉంటుంది. అది డబ్బు కావచ్చు, ఓటు కావచ్చు, "కేసు ఎందుకులే, నేను మాట్లాడతా" అన్నప్పుడు నోరు మూసుకోవడం కావచ్చు. హక్కుగా రావాల్సింది ఉపకారంగా మారేది ఇక్కడే.

పథకాల జాబితాలు మన దగ్గర తక్కువేమీ లేవు. గోడల మీద, కరపత్రాల మీద, ఫోన్లలో ఉన్నాయి. లేనిది దారి. ప్రతి సేవ గురించీ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియాలి. ఏ గడపకు పోవాలి? అక్కడి నుంచి ఏ కాగితం చేతికి రావాలి? ఎన్ని రోజుల్లో రావాలి? రాకపోతే తర్వాతి గడప ఏది? ఈ వ్యాసం బనగానపల్లెను ఆధారంగా తీసుకుని ఆ నాలుగింటినీ చెప్పే ప్రయత్నం. చట్టాల సంగతి రాష్ట్రంలో ఏ మండలానికైనా వర్తిస్తుంది.

దారి చెప్పేవాడి మీద ఆధారపడటం ఎలా మొదలైంది

బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. సంస్థానంలో అడగడం అంటే అర్జీ పెట్టుకుని దయ కోసం ఎదురుచూడటం. సంస్థానం పోయింది, అర్జీ మిగిలింది. ఈనాటికీ సర్టిఫికెట్ కోసం వెళ్లినవాళ్లు "దయచేసి ఇప్పించండి సార్" అంటారు తప్ప "గడువు దాటింది, కారణం రాసివ్వండి" అనరు.

ఇదే ఉమ్మడి కర్నూలు జిల్లాలోని పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960 నుంచి 1962 వరకు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. వృద్ధాప్య పింఛన్లు ఆయన కాలంలోనే మొదలయ్యాయి. అరవై ఏళ్లు దాటినా పింఛను ఎవరో ఒకరు "ఇప్పించేది"గానే మన మాటల్లో ఉంది.

2019 ఆగస్టు 15న వలంటీర్ల వ్యవస్థ, అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. సేవ ఇంటి ముందుకు వచ్చింది, అది చిన్న విషయం కాదు. కానీ ఏ దరఖాస్తు ఎక్కడికి పోతుంది, ఎవరు ఆమోదిస్తారు అన్న జ్ఞానం వలంటీరు దగ్గరే ఉండిపోయింది, కుటుంబానికి చేరలేదు. 2024లో ప్రభుత్వం మారాక వలంటీర్లు లేరు. జులై 1 నుంచి పింఛన్లు సచివాలయ ఉద్యోగులే పంచుతున్నారు. అప్పటిదాకా ఒక మనిషి మీద ఆధారపడ్డ కుటుంబాలు ఏ టేబుల్ ముందు నిలబడాలో కొత్తగా వెతుక్కోవాల్సి వచ్చింది. మనిషిని పంపడం, దారి నేర్పడం రెండూ ఒకటి కాదని ఈ అనుభవం చెబుతోంది.

మూడు ఊళ్ల పటం

బనగానపల్లె వాసికి ప్రభుత్వం మూడు ఊళ్లలో ఉంది. సచివాలయం, తహసీల్దారు ఆఫీసు, పోలీసు స్టేషన్, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు బనగానపల్లెలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయ్యాక కలెక్టరేటు, ఎస్పీ కార్యాలయం, సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయం అక్కడికి వచ్చాయి. అది సుమారు 40 కిలోమీటర్ల దూరం. కోర్టుల వ్యవస్థ మాత్రం అప్పుడు విడిపోలేదు. అందువల్ల జిల్లా న్యాయసేవాధికార సంస్థ కర్నూలులోనే ఉండిపోయింది.

అంటే రెవెన్యూ పటం ఒకటి, న్యాయ పటం ఇంకొకటి. ఇది తెలియక కర్నూలుకు పోవాల్సినవాళ్లు నంద్యాలకు, నంద్యాలకు పోవాల్సినవాళ్లు కర్నూలుకు పోయి ఒకరోజు కూలీ, బస్సు చార్జీ పోగొట్టుకుంటారు. రెవెన్యూ డివిజన్ల హద్దులు కూడా మారుతూ ఉన్నాయి. కాబట్టి ఏ కార్యకర్తయినా మొదట చేయాల్సిన పని, తన మండలానికి ఈ రోజున ఏ ఆఫీసు ఏ ఊళ్లో ఉందో ఒక పేజీలో రాసిపెట్టుకోవడం.

సచివాలయం: రసీదు లేకుండా బయటికి రావద్దు

కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, పింఛను, రేషన్ కార్డు మార్పులు, చాలా పథకాల దరఖాస్తులు సచివాలయంలోనే మొదలవుతాయి. అక్కడ డిజిటల్ అసిస్టెంట్ దరఖాస్తు ఎక్కిస్తారు. సంక్షేమ, విద్యా అసిస్టెంట్ పథకాలు, స్కాలర్‌షిప్‌ల పని చూస్తారు. వీఆర్వో కుల, ఆదాయ విచారణ చేస్తారు. మహిళా పోలీసు ఉంటారు. కుల పత్రం మీద చివరి సంతకం తహసీల్దారుది.

అక్కడి నుంచి రావాల్సిన కాగితం దరఖాస్తు నంబరున్న రసీదు. "పెట్టాంలే, వస్తుంది పో" అనేది జవాబు కాదు. నంబరు లేకపోతే దరఖాస్తు పెట్టినట్టు రుజువు లేదు. అసలు దరఖాస్తు ఎక్కించకుండా "మీకు రాదు" అని నోటితో తిప్పి పంపడం అన్నిటికన్నా ప్రమాదం. తిరస్కరణకు కారణం కాగితం మీద ఉంటేనే దాన్ని ప్రశ్నించగలం. కుల ధ్రువీకరణ పత్రాల జారీకి 1993లో ప్రత్యేక చట్టం వచ్చింది, అప్పీలుకు అందులో వీలుంది.

2025 జనవరి 30న మొదలైన "మన మిత్ర" వాట్సాప్ సేవ 95523 00009 నంబరులో ఉంది. స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లకు ఆఫీసుకు తిరిగే పని కొంత తగ్గుతుంది. అది లేని ఇంటికి సచివాలయమే గతి.

సచివాలయంలో పని కాకపోతే తర్వాతి గడప ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ప్రతి సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. 1100కు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇక్కడా నంబరు తీసుకోవాలి. ఆ తర్వాతిది సమాచార హక్కు. "నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గర ఉంది, ఎందుకు ఆగింది" అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

కుల పత్రం గురించి ఒక కష్టమైన విషయం కూడా చెప్పాలి. నంద్యాల, ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడు వంటి చోట్ల ఆంగ్లికన్ మిషన్ 19వ శతాబ్దం నుంచి పనిచేసింది. చర్చికి వెళ్లే మాల, మాదిగ కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను రాష్ట్రం బీసీ-సి కింద చూస్తుంది. క్రైస్తవుడైన వ్యక్తి చేతిలో ఎస్సీ పత్రం రద్దు కాకుండా ఉన్నా అట్రాసిటీ చట్టం రక్షణ దొరకదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసినా ఉత్తర్వు మారలేదు. మతం మారితే కులం పోదని మనకు తెలుసు, దానికోసం పోరాడతాం. కానీ సాయం కోసం వచ్చిన కుటుంబానికి ఈ రోజున్న చట్టపరిస్థితిని దాచకుండా చెప్పడం కూడా మన బాధ్యతే. పత్రంలో ఏముందో, అవతలివాళ్లు కోర్టులో ఏమడుగుతారో ముందే వకీలుతో మాట్లాడించాలి.

పోలీసు స్టేషన్: పంచాయితీకి కాదు, ఎఫ్‌ఐఆర్‌కు

కులం పేరుతో తిట్టినా, కొట్టినా, నీళ్లకో గుడికో రానివ్వకపోయినా వర్తించేది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2015లో సవరించిన ఈ చట్టంలో బాధితుల కోసం ప్రత్యేక అధ్యాయమే ఉంది. స్టేషన్‌లో ఎక్కువగా వినిపించే మాట "విచారించి చూస్తాం". 2018 సవరణతో వచ్చిన సెక్షన్ 18ఎ ప్రకారం ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో దీన్ని సమర్థించింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని సెక్షన్ 173 కొన్ని నేరాల్లో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిస్తుంది. దాన్ని చూపించి ఆలస్యం చేస్తే గుర్తు చేయాల్సింది సెక్షన్ 20. వేరే చట్టాలతో తేడా వస్తే అట్రాసిటీ చట్టానిదే పైచేయి అని అది చెబుతుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు రెండు విషయాలు మరిచిపోకూడదు. ఒకటి, ఏ మాట అన్నారో ఆ మాటనే రాయాలి. "కులం పేరుతో దూషించాడు" అని ముక్తసరిగా రాస్తే సరిపోదు. రెండు, అది ఎక్కడ జరిగింది, ఎవరెవరు విన్నారు అన్నది రాయాలి. దూషణ పదిమందికి కనిపించే, వినిపించే చోట జరిగి ఉండాలన్నది ఆ సెక్షన్లలో షరతు. నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్నదానికి ఆ సెక్షన్ నిలవదని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఉదాహరణలో తోటి కూలీల పేర్లు అందుకే ముఖ్యం.

చేతికి రావాల్సిన కాగితం ఎఫ్‌ఐఆర్ నకలు, ఉచితంగా. నోటితో చెప్పినదాన్ని అధికారి రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. గడువు 60 రోజులు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపాలి, పోస్టు రసీదు దాచుకోవాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది వరకు శిక్ష ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 14566 కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, అక్కడా ఫిర్యాదు నంబరు ఇస్తారు.

పరిహారం తీర్పు వచ్చేదాకా ఆగేది కాదు. 2016 నిబంధనల్లో నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల దాకా నిర్ణయించారు. కుల దూషణకు లక్ష రూపాయలు. ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక 50 శాతం, శిక్ష పడ్డాక మిగతా 25 శాతం. తక్షణ సాయం ఏడు రోజుల్లో అందాలి. సాక్షులకు, బాధితులకు కోర్టుకు వెళ్లివచ్చే ఖర్చు, రోజు భత్యం కూడా నిబంధన 11లో ఉన్నాయి. మహిళ అయితే తోడు వచ్చినవారికి కూడా ఇవ్వాలి. కర్నూలుకు రెండు బస్సు చార్జీలు పెట్టలేక వాయిదాలు ఎగ్గొట్టి, చివరికి రాజీ పడే కుటుంబానికి ఈ ఒక్క నిబంధన తెలియడం కేసును నిలబెట్టవచ్చు.

కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సింది సెక్షన్ 15ఎ(12). స్వచ్ఛంద సంస్థలు, సామాజిక కార్యకర్తలు, న్యాయవాదుల సాయం తీసుకోవడం బాధితుల హక్కు అని అది స్పష్టంగా చెబుతోంది. "నువ్వెవరు, ఎందుకొచ్చావు" అని స్టేషన్‌లో అడిగితే ఇదే జవాబు.

ఆసుపత్రి, కార్మిక శాఖ

దెబ్బ తగిలినప్పుడు ముందు ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి. ప్రైవేటు క్లినిక్‌లో కట్టు కట్టించుకుని ఊరుకుంటే తర్వాత రుజువు మిగలదు. బనగానపల్లెలో కుదరని వైద్యానికి నంద్యాల సర్వజన ఆసుపత్రి ఉంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స దొరుకుతుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి, లేదా 104కు ఫోను చేయాలి.

పనిలో గాయపడితే పరిహారం యజమాని బాధ్యత అని 1923 నుంచీ చట్టం ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది కొనసాగింది. రెండేళ్లలోపు కార్మిక శాఖ దగ్గర క్లెయిము వేయాలి. చిన్న ఫ్యాక్టరీల్లో హాజరు పుస్తకంలో కూలీల పేర్లు ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకని ఫోనులో వచ్చిన కూలీ డబ్బుల ఎంట్రీలు, తోటి పనివాళ్ల సాక్ష్యం, ఆసుపత్రి చీటీలో "పనిలో గాయం" అన్న మాట, ఇవే ఆధారాలు. యజమాని "ఐదు వేలు తీసుకుని సంతకం పెట్టు" అన్న కాగితం మీద చదవకుండా వేలిముద్ర వేయకూడదు.

ఉచిత వకీలు

1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. కులంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఇదే హక్కు. బనగానపల్లె కోర్టులోని మండల న్యాయసేవా కమిటీ దగ్గర మొదలుపెట్టవచ్చు. జాతీయ నంబరు 15100. ఇది అట్రాసిటీ కేసులకే కాదు, ఇంటి పట్టా తగాదా, కూలి బకాయి, గృహహింస వంటివాటికీ వర్తిస్తుంది. ఇంట్లో హింస ఎదుర్కొంటున్న మహిళలకు 181, పిల్లల కోసం 1098 ఉన్నాయి.

విద్యార్థులకు

కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ముందుగా ఫీజు కట్టకుండానే చేరేందుకు ఎస్సీ విద్యార్థులకు ఫ్రీషిప్ కార్డు ఇవ్వాలని ఆ పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి. రీయింబర్స్‌మెంటు ఆలస్యమైందని ఒరిజినల్ సర్టిఫికెట్లు బిగబట్టడం చాలా కాలేజీల్లో మామూలైపోయింది. ఒరిజినళ్లు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఇక్కడా మాటలతో వాదించే బదులు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడిగి, నకలు మీద స్టాంపు వేయించుకోవాలి. జవాబు రాకపోతే ఆ నకలే విశ్వవిద్యాలయానికి, కలెక్టరేటుకు పంపే ఫిర్యాదుకు ఆధారం.

దారి చూపడం కూడా ఒక ఉద్యమ పనే

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలిని, 1911లో మన్య సంఘాన్ని పెట్టింది నగరంలోని దళితులకు చదువు, అండ అందించడానికే. అంబేడ్కర్ 1924లో బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు హాస్టల్, పఠనాలయం కూడా ఆ కార్యక్రమంలో భాగమే. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, పౌర సలహా కేంద్రాలు తెరిచారు. వలంటీర్లతో నడిచే ఆ కేంద్రాలు ఈనాటికీ ఉన్నాయి. అమెరికాలో 1997లో అట్లాంటాలో మొదలైన 211 ఫోను సేవ చేసేది ఒకటే పని, ఫలానా సాయం మీ ఊళ్లో ఎక్కడుందో చెప్పడం. దారి చెప్పడం దానికదే ఒక సేవ అని అక్కడ గుర్తించారు.

బనగానపల్లెలో దీనికి భవనం అక్కర్లేదు. అంబేడ్కర్ భవనంలోనో, చర్చి వరండాలోనో, కాలనీ అరుగు మీదో వారానికి రెండు గంటలు, ఇద్దరు విద్యార్థులు, ఒక పుస్తకం చాలు. పుస్తకంలో నాలుగు గడులు: గడప, కాగితం, గడువు, తర్వాతి గడప. వచ్చిన ప్రతి సమస్యకూ తేదీ వేసి నింపాలి. నెలకోసారి నంబర్లకు ఫోను చేసి పనిచేస్తున్నాయో లేదో చూడాలి. పనిచేయని నంబరు ఇవ్వడం అసలు ఇవ్వకపోవడం కన్నా చేటు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పైసా తీసుకోకూడదు. బాధితుల ఆధార్, ఎఫ్‌ఐఆర్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. మహిళల సమస్యలు వినేందుకు మహిళ ఉండాలి. రాజీ పడాలా వద్దా అన్నది ఆ కుటుంబం నిర్ణయం, మనది కాదు. అన్నిటికీ మించి, మన మనిషి లేనిదే పని కాదన్న పరిస్థితి రాకూడదు. రెండోసారి వచ్చినప్పుడు దరఖాస్తు వాళ్లే రాయాలి, రాయలేకపోతే ఇంట్లో పిల్లల చేత రాయించాలి. లేకపోతే పాత మధ్యవర్తి పోయి, జేబుకు నీలి బ్యాడ్జీ పెట్టుకున్న కొత్త మధ్యవర్తి వస్తాడు.

ఆ పుస్తకం నాలుగైదు నెలలకు ఇంకో పనికి వస్తుంది. ఏ ఆఫీసులో ఎన్ని దరఖాస్తులు గడువు దాటాయో అందులో కనిపిస్తుంది. ప్రతి నెలా 30న అధికారులు ఒక దళిత వాడకు వచ్చి పౌరహక్కుల దినం జరపాలి. అట్రాసిటీ చట్టం అమలును చూసే జిల్లా, డివిజన్ స్థాయి నిఘా కమిటీలు మూడు నెలలకోసారి కూర్చోవాలి. అక్కడ "మా వాళ్లకు న్యాయం జరగడం లేదు" అంటే విని ఊరుకుంటారు. "ఫలానా నెలలో పెట్టిన ఇన్ని దరఖాస్తులకు రసీదు ఇవ్వలేదు, ఇన్ని ఎఫ్‌ఐఆర్‌లకు మొదటి విడత పరిహారం రాలేదు, తేదీలు ఇవి" అంటే జవాబు చెప్పక తప్పదు. సమావేశం మినిట్స్‌లో అది రాయించి, ఆ నకలు కూడా తీసుకోవాలి.

మొదటి పేజీ ఈ వారమే రాయవచ్చు. మీ కాలనీకి ఏ సచివాలయం, అందులో సంక్షేమ అసిస్టెంట్ ఏ వేళలో ఉంటారు, అట్రాసిటీ కేసులు చూసే డీఎస్పీ ఆఫీసు ఏ ఊళ్లో ఉంది, కోర్టులో న్యాయసేవా కమిటీ గది ఎక్కడుంది. ఈ నాలుగూ కనుక్కోవడానికి ఇద్దరికి ఒక రోజు పడుతుంది.